మందు మొక్కకూ పథ్యం ఉన్నది
పెరటి ఔషధ మొక్కలకు తొలిసారి ఎరువు పెట్టేవారికి కొన్ని సూచనలు

ఇంటి ముందు నాలుగు కుండీలు పెట్టుకొని తులసి, తిప్పతీగ, కలబంద, వాము ఆకు పెంచుకొనడం నేడు ఎన్నో కుటుంబాలలో అలవాటైనది. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలిన నాటి నుండి మా సంగంలో ఈ శ్రద్ధ మరింత పెరిగినది. మిక్కిలి సంతోషించదగిన విషయమే. అయితే చాలా కాలముగా పెరటిలో మందు మొక్కలు పెంచుచున్న నన్ను క్రొత్తవారు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. "మొక్క బలంగా పెరగడానికి ఏమి వేయమంటారు?"

నేను చెప్పే సమాధానం వారికి కొంత నిరుత్సాహం కలిగించును. మందు మొక్కను బలంగా పెంచడం మన లక్ష్యం కాదు, గుణం చెడకుండా పెంచడం మన లక్ష్యం. ఈ రెండూ ఒకటి కావు. కుండీలో పెరిగే ఔషధ మొక్కలు ఆకలితో చచ్చేది తక్కువ, అజీర్ణంతో చచ్చేది ఎక్కువ.

మాది వరి పండే ప్రాంతం. పెన్నపై 19వ శతాబ్దం చివర కట్టిన పాత ఆనకట్ట, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన క్రొత్త బ్యారేజి, ఈ కాలువల క్రింది మాగాణి మాకు ఆధారం. కనుక ఏ ఇంట చూచినా వసారాలో యూరియా బస్తా ఉండును. మా వీధిలో ఒక ఇల్లాలు మనుమడి దగ్గుకు రోజూ ఆకు కోసే తులసి కుండీలో ఒక పిడికెడు యూరియా వేసినది. వారం తిరుగక మునుపే ఆకుల అంచులు మాడి, రెమ్మలు వాలిపోయినవి. ఆమె నన్ను అడిగినది మొక్క సంగతి కాదు. "రాలిన ఆకు ఎండబెట్టి బిడ్డకు కషాయం కాచవచ్చునా?" అని. వద్దని చెప్పితిని. మనం మొక్కకు పెట్టినది ఎక్కడికి చేరునో ఆ ప్రశ్నలోనే ఉన్నది. వరికి వేసినది గింజగా మారి, దంపుడై, ఉడికి మన పళ్ళెంలోకి వచ్చును. తులసికి వేసినది నేరుగా మన కల్వంలోకి వచ్చును.

ఎందుకు మాడినది?

మాగాయకు కోసిన మామిడి ముక్కలపై ఉప్పు చల్లి మూడు రోజులు ఉంచిన ముక్కలోని నీరంతా ఊటగా దిగును గదా. వేళ్ళ చుట్టూ రసాయన లవణం చిక్కబడినప్పుడు మొక్కకు జరిగేది అదే. కుండీ నిండా తడి ఉన్నా వేరు నీరు త్రాగలేదు.

యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని ఉన్నది. ఒక టీస్పూను, అనగా సుమారు 5 గ్రాముల యూరియాలో ఉన్న నత్రజని, మంచి వర్మీ కంపోస్టు 150 గ్రాములలో ఉన్న దానికి ఇంచుమించు సమానం. కంపోస్టు దానిని నెలల తరబడి కొంచెం కొంచెముగా విడుచును. యూరియా కొద్ది రోజులలో అంతా ఒక్కసారిగా ఇచ్చును. ఎకరం మడిలో అది చెల్లును. 12 అంగుళాల కుండీలో చెల్లదు.

మాడకుండా బ్రతికినా మేలు లేదు. నత్రజని మితిమీరిన తులసి ఆకు వెడల్పుగా, మెత్తగా, చూడముచ్చటగా పెరుగును గాని ఘాటు తగ్గును. ఆ లేతదనానికి పేనుబంక చేరును. పేనుబంకకు పురుగుమందు కొట్టవలెనని బుద్ధి పుట్టును. అక్కడితో అది మందు మొక్క కాకుండా పోవును.

పూర్వులు చూచిన నేల

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో మందు మూలికలు సేకరించదగిన నేలను గురించి ప్రత్యేకముగా ఒక అధ్యాయమే ఉన్నది. గోతులు, రాళ్ళు, పుట్టలు, శ్మశానం ఉన్న చోటును, చవుడు నేలను విడువవలెనని, నీటికి దగ్గరగా ఉన్న స్నిగ్ధమైన నేలను ఎంచుకొనవలెనని అందులోని భావం. మొక్కల పోషణకు 'వృక్షాయుర్వేదం' అను శాస్త్రమే వేరుగా ఉన్నది. సురపాలుని పేర ఉన్న ఆ గ్రంథం ఆంగ్లానువాదంతో 1996లో సికింద్రాబాదు నుండి వెలువడినది. అందులో చెప్పిన కుణపజలం మాంసాదులను పులియబెట్టి చేసే ద్రవం. ఇంటి ముంగిట కుండీలకు అది తగినది కాదు. మనం గ్రహించవలసినది దాని వెనుకనున్న సూత్రం: మొక్కకు ఆహారం అరిగించి పెట్టవలెను, పచ్చిగా పెట్టకూడదు.

మట్టి కుదిరిన సగం పోషణ కుదిరినట్లే

ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఎర్రనేలలు నీరు త్వరగా విడుచును, సారం తక్కువ. పెన్న ఒడ్డున ఒండ్రు మట్టి సారవంతమైనది, కాని కుండీలో గట్టిపడును. ఏ మట్టి అయినను ఈ పాళ్ళలో కలుపుకొనవచ్చును.

జల్లించిన తోట మట్టి 2 పాళ్ళు
బాగా చివికిన పశువుల ఎరువు లేక వర్మీ కంపోస్టు 1 పాలు
ఏటి ఇసుక 1 పాలు
12 అంగుళాల కుండీకి వేపపిండి ఒక పిడికెడు

కలబందకు ఇసుక 2 పాళ్ళు చేయవలెను. ఎరువు చేతిలోకి తీసుకొన్నప్పుడు పేడ వాసన రాకూడదు, తొలకరి మట్టి వాసన రావలెను. కలుపు మందు కొట్టిన పొలం గట్టు మట్టి, రహదారి ప్రక్క మట్టి వాడకూడదు. రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినను కుండీలుగా పనికిరావు.

ఇట్లు కలిపిన మట్టిలో నాటిన మొక్కకు మొదటి 45 రోజులు ఏమీ పెట్టనక్కరలేదు. క్రొత్తవారు తప్పక పాటించవలసిన ఉపవాసం ఇది.

ఏ మొక్కకు ఎంత?

తులసి: 45 రోజులకు ఒకసారి రెండు గుప్పెళ్ళ కంపోస్టు పైమట్టిలో కలిపి నీరు పోయవలెను. వెన్నులు త్రుంచిన కొలది ఆకు వచ్చును. ఎరువు కంటె ఈ త్రుంచడమే తులసికి ఎక్కువ మేలు.

తిప్పతీగ: రెండు నెలలకు ఒకసారి చాలును. వేప చెట్టు ప్రక్కన నేలలో నాటిన తీగకు ఏడాదికి రెండు తట్టల ఎరువు మించి అక్కరలేదు.

కలబంద: నాలుగు నెలలకు ఒక గుప్పెడు. అంతకు మించిన మట్ట నీరు పట్టి మెత్తబడి మొదట కుళ్ళును.

వాము ఆకు: రెండు నెలలకు ఒక గుప్పెడు. నీడలో పెట్టి ఎరువు పెంచిన వాసన పెరగదు. సగం పూట ఎండ కావలెను.

సరస్వతి ఆకు: తడి, తేలికపాటి నీడ కోరును. నెలకు ఒక గుప్పెడు కంపోస్టు.

నేలవేము, గుంటగలగర: ఇవి గట్ల మీద తమంత తాము మొలిచే మొక్కలు. నాటినప్పటి ఎరువే ఎక్కువ.

కరివేపాకు, మునగ: ఇవి తిండి పుష్టి గలవి. వీటికి మాత్రం కొంత ద్రవ ఎరువు ఇవ్వవచ్చును. వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, ఆ తేటకు పది రెట్లు నీరు కలిపి, ఇరవై రోజులకు ఒకసారి కుండీకి ఒక గ్లాసు పోయవలెను.

జీవామృతం చేయదలచినవారు 20 లీటర్ల నీటిలో ఆవు పేడ ఒక కిలో, ఆవు మూత్రం ఒక లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండి 200 గ్రాములు, చేను గట్టు మట్టి ఒక గుప్పెడు కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, పూటకు ఒకసారి కలియబెట్టవలెను. ఈ మట్టి మందులు తగలని చోటిది కావలెను. వారంలోగా వాడవలెను. నేలకు మాత్రమే పోయవలెను. పచ్చిగా నమిలే ఆకులపై పేడ నీరు చల్లకూడదు.

వంటింటి పదార్థాలలో మంచి చెడ్డలు

బియ్యం, పప్పు కడిగిన నీరు ఏ రోజుది ఆ రోజు పోయవచ్చును. ఉప్పు వేసిన గంజి, సబ్బు నీరు పనికిరావు. టీ పొడిలో పాలు, చక్కెర పోవునట్లు కడిగి ఎండబెట్టి కంపోస్టులో వేయవలెను. అరటి తొక్క కుండీలో పాతిన చీమలు, ఈగలు చేరును. దానిని కూడ కంపోస్టుకే చేర్చవలెను. కట్టెల బూడిదలో పొటాష్ ఉన్నది, క్షార గుణమూ ఉన్నది. కనుక మూడు నెలలకు ఒక చెంచాకు మించకూడదు. బోరు నీరు చవ్వగా ఉన్నచోట బూడిద, గ్రుడ్డు పెంకులు రెండూ మానవలెను.

మొక్క నాడి చూడడం

క్రింది ముదురు ఆకులు పసుపుబారిన నత్రజని లోపం కావచ్చును. అయితే ముందు వ్రేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడవలెను. బురదగా తగిలినచో అది ఆకలి కాదు, నీరు ఎక్కువైన జబ్బు. నీరు ఆపవలెనే గాని ఎరువు వేయకూడదు.

కొస చిగుళ్ళు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్న ఇనుము అందలేదని గుర్తు. మట్టిలో ఇనుము లేక కాదు, బోరు నీటి క్షారము వలన వేరు దానిని తీసుకొనలేదు. రైతులు పొలంలో అన్నభేది పిచికారీ చేయుదురు. మందుకు కోసే ఆకులపై అది వద్దు. కంపోస్టు పెంచి, పట్టి ఉంచిన వాన నీరు పోయుచున్న క్రమముగా చిగురు తేరుకొనును.

ఆకు అంచులు మాడి, కుండీ అంచున తెల్లని పొర కట్టిన లవణం పేరుకొన్నదని అర్థం. అడుగు రంధ్రం నుండి ధారగా కారునట్లు మంచి నీరు రెండు మూడుసార్లు పోసి, నెల రోజులు లంఘనం పెట్టవలెను.

ఋతుచర్య

రోహిణి కార్తెలో మా సంగం ఎండకు మనిషికే అన్నం సహించదు. ఏప్రిల్ నడుమ నుండి జూన్ వరకు ఎరువు మాని, ఆకుల మల్చింగు, సాయంకాలపు నీరు, మధ్యాహ్నపు నీడ మాత్రమే ఇవ్వవలెను. నెల్లూరు జిల్లాకు వానలు అధికముగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. ఆ వానలకు కుండీలోని సారం కొట్టుకొనిపోవును. కావున వానల ముందు గాక, వానలు వెలిసిన తరువాత సంక్రాంతి నాటికి ఒకమారు నిండుగా ఎరువు పెట్టడం యుక్తం.

పెంచకూడని మొక్క

విజయ, భంగ అను పేర్లతో ఆయుర్వేద గ్రంథాలలో చెప్పిన గంజాయిని కూడ ఇంట పెంచి మందుకు వాడవచ్చునా, దానికి ఏ ఎరువు వేయవలెనని అడిగేవారున్నారు. వద్దు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేక గంజాయి మొక్క పెంచడం నేరం. పదేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. కుండీలో ఒక్క మొక్కే గదా అను మినహాయింపు లేదు. ఔషధ చట్టంలో సైతం భంగ విషద్రవ్యాల పట్టికలో ఉన్నది. వైద్యులు శుద్ధి చేసి, కొలిచి, తమ పర్యవేక్షణలో ఇచ్చేది అది. పెరటి మొక్క కాదు.

కోత ముందు పాటించవలసినవి

ద్రవ ఎరువు పోసిన పది రోజుల వరకు ఆ మొక్క ఆకు కోయకూడదు. కోసిన ఆకును రెండు నీళ్ళలో కడగవలెను. మొక్క ఆకులలో మూడవ వంతుకు మించి ఒకేసారి తీయకూడదు. ఎంతో కోసి ఎంతో ఎరువు పెట్టడం కంటె కొంచెం కోసి కొంచెం పెట్టడం మేలు. తిప్పతీగ, నేలవేము వంటివి లోపలికి సేవించే ముందు, ముఖ్యముగా గర్భిణులు, కాలేయ వ్యాధి గలవారు, నిత్యం మందులు వాడేవారు వైద్యుని తప్పక సంప్రదించవలెను. మన పెరటిలో పండినదైనంత మాత్రాన ఏదీ అందరికీ పడదు.

ఎరువు చేత పట్టినప్పుడెల్ల ఒక్క ప్రశ్న వేసుకొనండి. దీనిని పోసిన కుండీలోని ఆకును రేపు పసిబిడ్డకు రసం తీసి పట్టగలనా? పట్టగలను అనిపించినదే వేయండి. సందేహం కలిగిన నాడు మంచి నీరు పోసి ఊరకుండండి. మొక్క ఏమీ అనుకొనదు.