గేటు బయట వాలంటీరు, గేటు లోపల సీతాకోకచిలుక

తొలి యూత్ ఒలింపిక్స్ 2010 ఆగస్టు 14 నుంచి 26 వరకు సింగపూర్‌లో జరిగాయి. 204 దేశాల, ప్రాంతాల ఒలింపిక్ కమిటీల తరఫున సుమారు 3,600 మంది టీనేజి క్రీడాకారులు 26 క్రీడల్లో పోటీపడ్డారు. వాళ్ల కోసం పనిచేసిన వాలంటీర్లు దాదాపు 20,000 మంది. అంటే ఒక్కో క్రీడాకారుడికి అయిదుగురికి పైనే. వచ్చినవాళ్లలో చాలామంది దిగింది చాంగి విమానాశ్రయంలో. అక్కడ 2008 జనవరిలో మొదలైన మూడో టెర్మినల్‌లో రెండంతస్తుల సీతాకోకచిలుకల తోట ఉంది. విమానాశ్రయంలో ఇలాంటి తోట ప్రపంచంలో అదే మొదటిది.

వాలంటీరు అనగానే ఆంధ్రప్రదేశ్ పాఠకులకు 2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్లు గుర్తొస్తారు. వాళ్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనమైనా ఉండేది. ఒలింపిక్ వాలంటీరుకు అదీ లేదు. యూనిఫాం, పని ఉన్న పూట భోజనం, నగరంలో తిరగడానికి ప్రయాణ సౌకర్యం, ఆఖర్న ఒక ధ్రువపత్రం, సాధారణంగా దక్కేవి ఇవే. దూరం నుంచి వచ్చేవాళ్లు ప్రయాణం ఖర్చు, బస ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి. అయినా ఎగబడతారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 70,000 స్థానాలకు 2,40,000 దరఖాస్తులు వచ్చాయి. 2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు కావలసింది 20,000 మంది, దరఖాస్తు చేసినవాళ్లు నాలుగు లక్షలు దాటారు.

ఇంత పోటీ పడి వెళ్లేది ఆటలు దగ్గర నుంచి చూడొచ్చన్న ఆశతో అయితే, మొదటి రోజే నిరాశ తప్పదు. ఎక్కువమంది పని మైదానం వైపు వీపు పెట్టి చేసేదే. గేటు దగ్గర టికెట్లు చూడడం, క్యూలు సర్దడం, బస్సు ఎక్కడ ఆగుతుందో వందోసారి చెప్పడం, దారి తప్పిన జట్టును సరైన హాలుకు చేర్చడం. ఇంకో భాష వస్తే దుభాషి పని. మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద ఏ అక్షరాలు, అంకెలు ఉంటే ఆ ద్వారాలే తెరుచుకుంటాయి. పతకాల వేదికకు పది అడుగుల దూరంలో రోజంతా నిలబడి కూడా తలుపు దాటలేని వాలంటీర్లు ఉంటారు. లోపల స్కోరు వాళ్లకు తెలిసేది చప్పట్లను బట్టే. హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో రాటుదేలిన ప్రణయ్ సింగపూర్ పోటీల్లోనే బ్యాడ్మింటన్ బాలుర సింగిల్స్ రజతం గెలిచాడు. ఆ హాలు బయట నిలబడ్డవాళ్లకు ఆ పోరు వినిపించిందేమో గానీ కనిపించి ఉండదు.

కొన్ని పనులు మాత్రం ఆట గుండెకాయ దగ్గరికే తీసుకెళ్తాయి. డోపింగ్ పరీక్షకు ఎంపికైన క్రీడాకారుడికి ఆ కబురు అందిన క్షణం నుంచి నమూనా ఇచ్చేదాకా ఒకరు కంటికి రెప్పలా తోడుండాలి. గెలిచిన ఆనందంలో ఉన్నా, ఓడి ఏడుస్తున్నా, విలేకరుల మధ్య ఉన్నా, నీళ్లు తాగుతున్నా ఆ మనిషి చూపు దాటకూడదు. ఈ పని చాలాసార్లు శిక్షణ పొందిన వాలంటీర్లదే. మాట తక్కువగా, కన్ను మెలకువగా ఉండేవాళ్లు దీనికి సరిపోతారు.

ఈ ఏర్పాటును విమర్శించేవాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. ప్రసార హక్కులు, ప్రాయోజకుల ద్వారా కోట్లు వచ్చిపడే పోటీలకు వేలమంది ఉచిత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు నిర్వాహకుల దగ్గర గట్టి జవాబు లేదు. టోక్యో ఒలింపిక్స్‌కు దాదాపు 80,000 మంది వాలంటీర్లను ఎంపిక చేశారు. కరోనా కారణంగా ఆ పోటీలు 2021కి వాయిదా పడ్డాక, మొదలయ్యే లోపే దాదాపు 10,000 మంది తప్పుకున్నారు. జీతం లేని పనికి రాజీనామా పత్రం కూడా అక్కర్లేదు.

చాంగి తోటలో కూడా కంటికి కనిపించే దాని వెనక కనిపించని పని చాలా ఉంది. వెయ్యికి పైగా సీతాకోకచిలుకలు, ఆరు మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం, దట్టమైన పూలమొక్కలు. రెక్కలొచ్చాక చాలా జాతుల ఆయుష్షు రెండు మూడు వారాలే, యూత్ ఒలింపిక్స్ నడిచిన పదమూడు రోజుల కంటే కాస్త ఎక్కువ. కాబట్టి తోట నిండుగా ఉండాలంటే కొత్తవి వస్తూనే ఉండాలి. అందుకు ఇలాంటి తోటలు పెంపక క్షేత్రాల నుంచి ప్యూపాలను, అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే దశలో ఉన్నవాటిని, తెప్పించుకుంటాయి. మలేసియాలోని పెనాంగ్‌లో ఇలాంటి క్షేత్రం 1986లోనే మొదలైంది. ప్యూపా తినదు, తిరగదు, పెట్టెలో దూదిలో పెట్టి పంపితే వచ్చేస్తుంది. గొంగళిపురుగును అలా పంపడం కష్టం, దానికి దారి పొడుగునా ఆకు కావాలి.

సందర్శకులు పరుగున పూల దగ్గరికి వెళ్తారు గానీ, నిదానంగా చూడాల్సింది ప్యూపాలు వరసగా వేలాడే చోటు. చాంగిలోనూ అందుకు ఒక గది ఉంది. పొర చిట్లి బయటికొచ్చిన జీవి మొదట చూస్తే నలిగిన గుడ్డముక్కలా ఉంటుంది. వేలాడుతూ ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి నెడుతుంది, నిమిషాల్లో రెక్కలు విచ్చుకుంటాయి. అవి గట్టిపడడానికి గంటకు పైగా పట్టొచ్చు. ఆ లోపు వేలు తగిలితే రెక్క వంకరపోయి జన్మంతా ఎగరలేకపోవచ్చు. అప్పుడే రాలే ఎర్రటి చుక్కలను చూసి రక్తమని కంగారుపడతారు, అది ప్యూపా దశలో పోగైన వ్యర్థం. తేనె పీల్చే గొట్టం కూడా పుట్టుకతో రెండు ముక్కలే. ఆ రెండింటినీ కలిపి ఒక్కటి చేసుకోవడం దాని మొదటి పనుల్లో ఒకటి.

సీతాకోకచిలుక ఒంటికి సొంత వేడి ఉండదు. ఎగిరే కండరాలు సుమారు 30 డిగ్రీలకు చేరాకే అది హాయిగా ఎగరగలదు. అందుకే ఎండలో చురుగ్గా ఉంటుంది, చీకటి పడితే ఆకు కింద ముడుచుకుంటుంది. తోటలో పళ్లేల్లో పెట్టే మాగిన పండ్లు అలంకారానికి కాదు, పూల కంటే పులిసిన పండు రసాన్నే ఇష్టపడే జాతులున్నాయి. అవి కాళ్లతో కూడా రుచి చూస్తాయి.

2015లో సింగపూర్ ప్రకృతి సంఘం ఓటింగ్ పెడితే జాతీయ సీతాకోకచిలుకగా ఎర్రటి ఒళ్లున్న కామన్ రోజ్ గెలిచింది. ఇది తెలుగు నేల మీదా ఉంది. దీని గొంగళిపురుగు ఈశ్వరి తీగ ఆకు తిని అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు దీని జోలికి రావు. ఏ విషమూ లేని కామన్ మార్మన్ జాతిలో కొన్ని ఆడవి అచ్చం దీని వేషమే వేసి బతికిపోతాయి.

చాంగి తోట ఇమిగ్రేషన్‌కు లోపలి వైపు, విమానం మారే ప్రయాణికులు ఉండే చోట ఉంది. దిగిన క్రీడాకారులు బయటికి రాకముందే చూడగలరు. బయట పలకలు పట్టుకుని వాళ్ల కోసం ఎదురుచూసే వాలంటీరు, బోర్డింగ్ పాస్ లేకపోతే లోపలికి పోలేడు. ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లల దగ్గరికి సింగపూర్ మీదుగా వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు మాత్రం ఇది దారిలోదే. పగటి పూట రెండు మూడు గంటల వ్యవధి దొరికితే చాలు. అర్ధరాత్రి దిగితే ఆకుల కింద నిద్రపోతున్నవే కనిపిస్తాయి.

మన దగ్గరలో అయితే బెంగళూరు బన్నేరుఘట్టలో 2006 నుంచి, హైదరాబాద్‌లో నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో ఇలాంటి పార్కులు ఉన్నాయి. ఇలాంటి తోటల్లో మామూలుగా అంతగా కనిపించనిది గొంగళిపురుగు దశ, వదిలితే అది తనకు సరిపడే మొక్కలను నమిలేస్తుంది. దాన్ని చూడాలంటే పెరట్లోని కరివేపాకు మొక్క చాలు. లేత ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది చాలాసార్లు ఆ మార్మన్ పిల్లే.