కొత్త కార్డు వేశాక మేల్కోని కంప్యూటర్: ఎస్‌ఎంపీఎస్ కథ

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం 1960ల నుంచి సింగరేణి బొగ్గును కరెంటుగా మారుస్తోంది. 2018లో మొదలైన ఏడో దశలో ఒక్క యూనిట్ సామర్థ్యమే 800 మెగావాట్లు. అలాంటి కేంద్రాల కరెంటు పెద్ద లైన్లు ఎక్కి, సబ్‌స్టేషన్లలో దిగి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటి మన ప్లగ్గులోకి వచ్చేసరికి 230 వోల్టులు. ఫ్యానుకీ, ఫ్రిజ్‌కీ అది సరిపోతుంది. కంప్యూటర్ మాత్రం దాన్ని నేరుగా తట్టుకోలేదు. మదర్‌బోర్డుకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఆ చివరి మెట్టు దించేది క్యాబినెట్ వెనక మూలన బిగించిన ఇనప డబ్బా. అదే ఎస్‌ఎంపీఎస్, అంటే స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై.

కొత్త ర్యామ్, కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదనుకోండి. చాలామంది వెంటనే బోర్డు పోయిందని తేల్చేస్తారు. అంత తొందర వద్దు. ఎస్‌ఎంపీఎస్‌కున్న ఒక్కో వైరూ ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం పుట్టింది. ఆ కథ తెలిస్తే లోపం ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

పాతకాలపు పవర్ సప్లైలో బరువైన ఇనప ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. అదనపు వోల్టేజీ అంతా వేడిగా వృథా అయ్యేది. ఎస్‌ఎంపీఎస్ దారి వేరు. అది 230 వోల్టుల ఏసీని ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది. దాన్ని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకు వేల సార్లు తెరిచి మూస్తుంది. ఇంత వేగంలో ట్రాన్స్‌ఫార్మర్ అరచేతిలో ఇమిడేంత చిన్నదైనా చాలు. బయటికిచ్చే వోల్టేజీ తగ్గితే ట్రాన్సిస్టర్ కొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, పెరిగితే తక్కువసేపు. పల్లె లైన్లలో వోల్టేజీ ఊగిసలాడుతున్నా కంప్యూటర్ నిలకడగా నడిచేది ఇందువల్లే.

ఈ పద్ధతి 1960ల్లో ఉపగ్రహాల్లో వాడినా, ఇళ్లకు చేరడానికి చౌకైన, వేగమైన ట్రాన్సిస్టర్లు రావాల్సి వచ్చింది. 1970ల్లో కాలిఫోర్నియా ఇంజనీరు రాబర్ట్ బోషర్ట్ ఖర్చు తగ్గించే డిజైన్లు చేశారు. 1976లో రాబర్ట్ మమ్మానో రూపొందించిన ఎస్‌జీ1524 చిప్పు నియంత్రణ భాగాలను ఒకచోటికి చేర్చింది. 1977లో వచ్చిన యాపిల్ 2కు రాడ్ హోల్ట్ తేలికైన ఎస్‌ఎంపీఎస్ తయారుచేశారు.

అప్పటి నుంచి కంప్యూటర్ ఆకలి పెరుగుతూనే ఉంది. 1981 నాటి ఐబీఎం పీసీకి 63.5 వాట్లు సరిపోయాయి. 1984లో వచ్చిన ఏటీ మోడల్‌కు 192 వాట్లు కావాల్సి వచ్చాయి.

1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం పెద్ద మలుపు. అంతకుముందు కంప్యూటర్ స్విచ్చే మెయిన్ కరెంటును కలిపేది, తెంపేది. ఏటీఎక్స్‌లో ఆ బటన్ మదర్‌బోర్డుకు సైగ మాత్రమే చేస్తుంది. కంప్యూటర్ ఆపి ఉన్నా ఊదారంగు వైరులో 5 వోల్టులు ఉంటాయి. బటన్ నొక్కగానే బోర్డు ఆకుపచ్చ వైరును గ్రౌండ్‌కు కలుపుతుంది, ఎస్‌ఎంపీఎస్ మేల్కొంటుంది. వోల్టేజీలు కుదురుకున్నాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు, బూడిదరంగు వైరులో ‘అంతా సవ్యం’ అనే సంకేతం పంపుతుంది. అప్పుడే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది.

కాబట్టి వెతుకులాట కూడా ఈ వరసలోనే సాగాలి. ముందు గోడ ప్లగ్గు, పవర్ కేబుల్, ఎస్‌ఎంపీఎస్ వెనకున్న స్విచ్ చూడాలి. తర్వాత బటన్ నుంచి బోర్డుకు వచ్చే సన్నటి రెండు వైర్లు. కార్డు బిగించేటప్పుడు చెయ్యి తగిలి అవి ఊడిపోవడం మామూలే. ఆపైన 24 పిన్నుల పెద్ద కనెక్టర్ కొక్కెం పడేదాకా దిగిందా చూడాలి.

2000లో పెంటియం 4తో పాటు ప్రాసెసర్‌కు విడిగా 4 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ వచ్చింది. ఇప్పుడు చాలా బోర్డుల్లో దానికి 8 పిన్నులు. దీన్ని మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర వెలగదు. గ్రాఫిక్స్ కార్డు తన స్లాట్ నుంచి 75 వాట్లకు మించి తీసుకోకూడదు. అంతకుమించి కావాలంటే 6 పిన్నుల కేబుల్ మరో 75, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తాయి. పాత ఎస్‌ఎంపీఎస్ మీద ఇంత భారం మోపితే అది చేతులెత్తేస్తుంది.

ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతే షార్ట్ సర్క్యూట్‌ను అనుమానించాలి. బోర్డు కింద జారిపడిన స్క్రూ, అక్కర్లేని చోట బిగించిన ఇత్తడి మర ఇందుకు చాలు. షార్ట్ పసిగట్టగానే ఎస్‌ఎంపీఎస్ తనను తాను ఆపేసుకుంటుంది. చాలా మోడళ్లలో ప్లగ్గు తీసి కాసేపు ఆగితేనే మళ్లీ లేస్తుంది. ఇంటికి కాపలా ఉన్న కుక్క మొరిగినట్టే ఈ మొరాయింపు కూడా. విసుక్కోకుండా ఎందుకో చూడాలి.

కారణం దొరక్కపోతే ప్లగ్గు తీసి, క్యాబినెట్ ఇనుమును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తు పోగొట్టుకుని, కొత్త భాగాలన్నీ విప్పాలి. ప్రాసెసర్, ఒక ర్యామ్ మాత్రం ఉంచి నడిపించాలి. లేస్తే ఒక్కో భాగాన్నీ కలుపుతూ పోవాలి. దేన్ని కలిపినప్పుడు ఆగిందో అక్కడే లోపం. ఇంకో ఎస్‌ఎంపీఎస్‌కు చెందిన ఊడదీసే కేబుళ్లు మాత్రం వాడకూడదు. పిన్నుల అమరిక తేడాగా ఉంటే హార్డ్ డిస్కు కాలిపోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత అసలే విప్పకూడదు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన వోల్టేజీ మిగిలి ఉండొచ్చు.

అడవి అంచు ఊళ్లలో తొలకరి ఉరుములతో దిగుతుంది. సరైన ఎర్తింగ్ లేని ఇంట్లో పిడుగు ధాటికి ఏ ఎస్‌ఎంపీఎసూ నిలవదు. మబ్బు పట్టగానే ప్లగ్గు పీకేయడమే మేలు. కొత్త కార్డు కొనే ముందు వాట్లు లెక్కగట్టి, చాలకపోతే మంచి ఎస్‌ఎంపీఎస్ ముందు కొనాలి. కంప్యూటర్‌లో ఖరీదైన ప్రతి భాగం క్షేమమూ దాని మీదే ఆధారపడి ఉంది. ఈ వెతుకులాట వరస పదో తరగతి పిల్లలకు నేర్పినా వస్తుంది. నేర్పితే పోయిందనుకుని మూలన పడేసిన ఎన్నో కంప్యూటర్లు మళ్లీ బడికీ ఇంటికీ పనికొస్తాయి.