కారులో ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ లైట్లు రెండూ వెలిగాయా? మాడ్యూల్ మార్చే ముందు ఫోన్‌తో ఇలా చెక్ చేయండి

వాన వెలిశాక పొలం డొంకలోకి వెళ్లొచ్చారు. మర్నాడు కారు స్టార్ట్ చేస్తే డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఏబీఎస్ లైట్, పక్కనే జారుతున్న కారు బొమ్మతో ట్రాక్షన్ కంట్రోల్ లైట్. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిర్చి చేల మధ్య తిరిగే కార్లకి ఈ తిప్పలు ఎప్పుడో ఒకప్పుడు తప్పవు. రెండు లైట్లు వెలిగాయని రెండు రిపేర్లు అనుకోకండి. చాలాసార్లు తప్పు ఒక్క చక్రం దగ్గరే ఉంటుంది. అది తేల్చుకోకుండా ఏబీఎస్ మాడ్యూల్ మార్పిస్తే సెన్సార్ ఖరీదుకి ఎన్నో రెట్లు డబ్బు పోతుంది, లైట్ మాత్రం అలాగే ఉంటుంది.

రెండూ కలిసే ఎందుకు వెలుగుతాయి?

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. నాలుగు చక్రాల దగ్గర నాలుగు స్పీడ్ సెన్సార్లు ఉంటాయి. గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు ఒక చక్రం లాక్ అవబోతుంటే, ఆ చక్రానికి వెళ్లే బ్రేక్ ప్రెషర్‌ని మాడ్యూల్ సెకనుకి చాలాసార్లు తగ్గించి పెంచుతుంది. అందుకే స్టీరింగ్ మన మాట వింటుంది. ట్రాక్షన్ కంట్రోల్ దీనికి రివర్స్. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఏ చక్రమైనా ఊరికే తిరిగిపోతుంటే ఇంజిన్ పవర్ తగ్గిస్తుంది, ఆ చక్రానికి బ్రేక్ వేస్తుంది. రెండూ ఆధారపడేది అవే నాలుగు సెన్సార్ల మీద. ఒక్కటి తప్పు చెప్తే రెండూ ఆఫ్ అయిపోతాయి.

ముందు లైట్లని చదవండి

- ట్రాక్షన్ లైట్ మిణుకుమిణుకుమంటే అది పని చేస్తోందని అర్థం. ఫాల్ట్ కాదు.
- ఆఫ్ అని రాసి ఉన్న లైట్ వెలిగితే ఎవరో బటన్ నొక్కారని. మళ్లీ నొక్కితే సరి.
- పసుపు ఏబీఎస్ లైట్ ఆగకుండా వెలిగితే మామూలు బ్రేకులు పని చేస్తాయి, కానీ సడన్ బ్రేక్ కొడితే చక్రాలు లాక్ అవ్వొచ్చు. నెమ్మదిగా, దూరం పాటిస్తూ నడపాలి.
- ఏబీఎస్‌తో పాటు ఎర్ర బ్రేక్ లైట్ కూడా వెలిగితే బండి ఆపేయండి. హ్యాండ్‌బ్రేక్ దించి ఉందో లేదో, బ్రేక్ ఆయిల్ ఎంతుందో చూడండి. ఆయిల్ తగ్గినా, పెడల్ మెత్తగా లోపలికి పోతున్నా మెకానిక్‌నే కారు దగ్గరికి పిలవండి.

ఇప్పుడు ఫోన్ పని

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో పెట్టే బ్లూటూత్ డాంగిల్ కావాలి. ఈఎల్ఎం327 పేరుతో ఆన్‌లైన్‌లో వెయ్యి లోపే దొరుకుతాయి. వీటిలో చాలావరకు నకిలీ చిప్‌లే. ఇంజిన్ కోడ్లు చదివినా ఏబీఎస్ దాకా వెళ్లలేవు, కొనే ముందు రివ్యూలు చూడండి. ఐఫోన్ వాళ్లు బ్లూటూత్ 4.0 (ఎల్ఈ) లేదా వైఫై మోడలే తీసుకోవాలి. పాత బ్లూటూత్ డాంగిల్ ఐఫోన్‌కి కనెక్ట్ అవ్వదు.

యాప్ కూడా ముఖ్యమే. మామూలు ఓబీడీ యాప్‌లు 'పీ'తో మొదలయ్యే ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి. మనకి కావాల్సినవి 'సీ'తో మొదలయ్యే చాసిస్ కోడ్లు. మీ కారు కంపెనీ ప్రొఫైల్ ఉన్న యాప్ వాడండి. ఉదాహరణకి సీ0035 అంటే ముందు ఎడమ చక్రం సెన్సార్ సర్క్యూట్. కొన్ని కంపెనీలకి సొంత నంబర్లు ఉంటాయి.

కోడ్ చూడగానే సెన్సార్ ఆర్డర్ పెట్టకండి. అది సర్క్యూట్‌లో తేడా అంటోంది, సెన్సార్ పోయిందనలేదు. లైవ్ డేటాలో నాలుగు చక్రాల స్పీడ్ తెరవండి. ఖాళీ రోడ్డు మీద తిన్నగా 20-30 కిమీ వేగంతో ఒకరు నడపాలి, ఇంకొకరు ఫోన్ చూడాలి. నాలుగూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి సున్నా చూపిస్తే వైర్ గానీ సెన్సార్ గానీ. మధ్యమధ్యలో పడిపోతుంటే మట్టి గానీ లూజ్ కనెక్టర్ గానీ. ఎప్పుడూ కొంచెం తేడాగా ఉంటే టైర్ సైజు, గాలి చూడండి.

చక్రం దగ్గర ఏం చూడాలి?

జాకీ మీద కాకుండా స్టాండ్ మీద నిలిపి చక్రం విప్పండి. మన నల్లరేగడి తడిస్తే బంకలా అంటుకుంటుంది, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. సెన్సార్ చుట్టూ పేరుకున్న మట్టిని నీళ్లతో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తీయండి. స్క్రూడ్రైవర్‌తో పొడవద్దు. వాటర్ సర్వీసింగ్ గన్‌ని కనెక్టర్ మీదకి గురిపెట్టొద్దు.

తర్వాత వైర్. చేల పక్కన, గోడౌన్ల దగ్గర ఆపే కార్లలో ఎలుకలు కొరికి ఉండొచ్చు. కనెక్టర్ విప్పి పచ్చటి చిలుము ఉందేమో చూడండి. రెండు వైర్ల పాత రకం కాయిల్ సెన్సార్ అయితే మల్టీమీటర్‌తో అవతలి వైపు సెన్సార్‌తో పోల్చండి. రీడింగ్ సాధారణంగా 1 కిలో ఓమ్ చుట్టుపక్కల ఉంటుంది. కొత్త కార్లలో ఎక్కువగా వచ్చే యాక్టివ్ సెన్సార్లని ఓమ్స్‌లో కొలవకూడదు.

బేరింగ్ మార్చాక లైట్ వచ్చిందా? చాలా కార్లలో బేరింగ్ సీల్‌లోనే అయస్కాంత రింగ్ ఉంటుంది. బేరింగ్ తిరగేసి బిగిస్తే సెన్సార్‌కి సిగ్నల్ అందదు. లైట్ లేకుండానే, నెమ్మదిగా ఆగేటప్పుడు పెడల్ గరగరలాడితే ఆ రింగ్ పగులు, ఇనుప రజను చూడండి.

బ్యాటరీని కూడా మర్చిపోవద్దు. ఇంజిన్ ఆన్‌లో 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. వోల్టేజ్ బాగా పడిపోతే ఏబీఎస్ తనంతట తానే ఆఫ్ అవుతుంది.

చివరగా

రిపేర్ అయ్యాక కోడ్ క్లియర్ చేసి, లైవ్ డేటా మళ్లీ చూడండి. కొన్ని కార్లలో కాస్త దూరం నడిపాకే లైట్ ఆరుతుంది. నాలుగు సెన్సార్లూ, బ్యాటరీ, ఫ్యూజులూ బాగుండి ఇంకా కోడ్ వస్తుంటేనే మాడ్యూల్ అనుమానం. ఆ పని, బ్రేక్ ఆయిల్ పైపులు విప్పే పని ఇంట్లో వద్దు. మెకానిక్‌కి మీ స్క్రీన్‌షాట్ చూపించి "ఈ చక్రం సిగ్నల్ పడిపోతోందన్నా" అని చెప్పండి, వెతుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది. లైట్ కనపడకుండా టేప్ అంటించడం, బల్బ్ పీకేయడం మాత్రం చేయకండి. మిర్చి లారీల వెనక హైవే మీద వెళ్తున్నప్పుడు సడన్ బ్రేక్ ఎప్పుడు కొట్టాల్సి వస్తుందో ఎవరికీ తెలీదు.