గబ్బిలానికి తన అరుపుతో తనకే చెవుడు రాదా?

"గబ్బిలాలు మనకు వినబడనంత సన్నగా, చాలా గట్టిగా అరుస్తాయని రాస్తుంటారు. అంత గట్టిగా అరిస్తే ముందు వాటి చెవులే పోవాలి కదండీ?" అని ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. గబ్బిలాల మీద ప్రశ్నలకు కొదవ లేదు గానీ, అసలు కీలకాన్ని ఇంత సూటిగా పట్టుకున్న ప్రశ్న అరుదు. ఈ నెల అనుకున్న వ్యాసాన్ని పక్కన పెట్టేశాను.

తెలిసిన సంగతులు గబగబా కానిచ్చేద్దాం. గబ్బిలం పక్షి కాదు, పిల్లల్ని కని పాలిచ్చే జంతువు. పాలిచ్చే జంతువుల్లో రెక్కలాడిస్తూ నిజంగా ఎగరగలిగింది ఇదొక్కటే. ప్రపంచంలో 1,400కు పైగా రకాలున్నాయి. ఇది గుడ్డిదీ కాదు. మర్రిచెట్లకు గుంపులుగా వేలాడే పెద్ద గబ్బిలాలైతే కళ్లతోనే దారి చూసుకుంటాయి, ఈ అరుపుల విద్య వాటికి రానే రాదు. రక్తం తాగే రకాలు మూడంటే మూడు, ఆ మూడూ ఉండేది అమెరికా ఖండాల్లో. ఇక నోటితో తిని నోటితోనే విసర్జిస్తుందన్న మాట ఒకటుంది. పండ్లు తినే గబ్బిలం పండు నమిలి, రసం మింగి, పిప్పి ఉమ్మేస్తుంది. చెట్టు కింద పడిన ఆ పిప్పి ముద్దలు చూసి అల్లిన కథ అది. అసలు పని వచ్చినప్పుడు రెక్కల బొటనవేళ్లతో కొమ్మ పట్టుకుని, తల పైకి వచ్చేలా తిరిగి, ఒంటి మీద పడకుండా కానిచ్చుకుంటుంది.

ఇప్పుడు అరుపు. చీకట్లో పురుగును వెతకాలంటే ధ్వని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వని వినాలి. అయితే ఏ ధ్వని పడితే అది పనికిరాదు. తరంగదైర్ఘ్యం పురుగు కంటే మరీ పెద్దదైతే అల దాన్ని చుట్టుకుని ముందుకు వెళ్లిపోతుంది, వెనక్కి రాదు. 1,000 హెర్ట్జ్ ధ్వని అల పొడవు 34 సెంటీమీటర్లు, దానికి దోమ ఆనదు. 50,000 హెర్ట్జ్ దగ్గర ఆ పొడవు 7 మిల్లీమీటర్ల లోపుకు దిగుతుంది. కాబట్టి సన్నగా అరవాలి. కానీ ధ్వని సన్నబడే కొద్దీ గాలి దాన్ని త్వరగా మింగేస్తుంది. కాబట్టి గట్టిగా అరవాలి. నోటికి 10 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే 120 డెసిబెల్స్ దాటే రకాలున్నాయి. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది కనుక రాత్రిళ్లు నిద్రపోగలుగుతున్నాం.

గబ్బిలానికి అంత అదృష్టం లేదు, దాని చెవి ఆ ధ్వనుల కోసమే తయారైంది. పురుగు 1.7 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అరుపు వెళ్లి ప్రతిధ్వని రావడానికి పట్టేది సెకనులో నూరో వంతు. చెవి పక్కనే అంత హోరు చేసి, నూరో వంతు సెకనులోగా అందులో అణువంత కూడా లేని ప్రతిధ్వనిని వినాలి.

ఎలాగో చెప్పేముందు, గబ్బిలం చెవితోనే దారి చూసుకుంటుందన్న సంగతిని చేజార్చుకున్న మహానుభావుల్ని తలచుకోకుండా ముందుకు పోలేను. 1793లో ఇటలీలోని పావియాలో లాజారో స్పల్లాంజానీ అనే పండితుడు ఒక సంగతి గమనించాడు. దీపం ఆరిపోతే గుడ్లగూబ గోడలకు కొట్టుకుంటోంది, గబ్బిలం మాత్రం హాయిగా ఎగురుతోంది. గబ్బిలాల కళ్లు తీసేసి వదిలాడు (ఆ కాలపు పరిశోధన అలా ఉండేది). అవీ మామూలుగానే ఎగిరాయి. తర్వాత గంటగోపురంలో వాటిని మళ్లీ పట్టుకుని పొట్ట కోసి చూస్తే, చూపున్న వాటికి తీసిపోకుండా నిండా పురుగులే. ఈ కబురు విని జెనీవాలో లూయీ జూరిన్ అనే శస్త్రవైద్యుడు గబ్బిలాల చెవులు మూసి వదిలాడు. దొరికిన ప్రతిదానికీ గుద్దుకున్నాయి. స్పల్లాంజానీ మొదట నమ్మలేదు. ఆపైన తానే గబ్బిలాల చెవుల్లో చిన్న ఇత్తడి గొట్టాలు అమర్చి చూశాడు. గొట్టం తెరిచి ఉంటే బాగానే ఎగిరాయి, మూస్తే గుద్దుకున్నాయి. ఇంతకన్నా చక్కని పరీక్ష ఇంకేం కావాలి?

అయినా లోకం వినలేదు. ఫ్రాన్సులో జార్జ్ కువియే పేరు చెబితే అప్పట్లో ఎదురు మాట్లాడేవారు లేరు. రెక్కల తోలుకున్న స్పర్శజ్ఞానమే దీనికంతటికీ చాలునని ఆయన తేల్చేశాడు. ఒక్క ప్రయోగమూ చేయలేదు. అందరూ కువియేని నమ్మారు, జూరిన్ మరుగున పడ్డాడు. పెద్దమనిషి మాటకి ఉన్న బరువు ప్రయోగానికి లేకపోవడం ఒక్క మన ఊళ్ల జబ్బే కాదన్నమాట.

1912లో టైటానిక్ మునిగాక, మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ ఓడలకు ప్రతిధ్వని ఉపాయం చెబుతూ గబ్బిలాన్ని ఉదహరించాడు. ప్రతిధ్వని అన్నంతవరకు సరే. కానీ ధ్వని రెక్కల కొట్టుడు నుంచి వస్తుందనీ, అది మనకు వినబడనంత బొంగురుదనీ అన్నాడు. వచ్చేది గొంతు నుంచి, అదీ మనకు వినబడనంత సన్నగా. 1920లో కేంబ్రిడ్జ్‌లో హార్‌ట్రిడ్జ్ అనే శాస్త్రవేత్త సన్నని ధ్వని అయి ఉండాలన్నాడు గానీ, దాన్ని పట్టే యంత్రం ఆయన దగ్గర లేదు.

యంత్రం హార్వర్డ్‌లో ఉంది, పియర్స్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడి దగ్గర. 1938లో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి పంజరంలో గబ్బిలాల్ని దాని ముందు పెట్టేసరికి యంత్రం గోలపెట్టింది. తమాషా ఏమిటంటే, గదిలో ఎగరనిస్తే చాలాసార్లు ఏమీ పలకలేదు. అరుపు సూటిగా ముందుకే పోతుంది, మైకు సరిగ్గా దాని దారిలో ఉండాలి. అది తెలియక, దారి చూసుకోవడానికి ఈ అరుపులు కారణం కాకపోవచ్చునని మొదట తప్పుకున్నారు! ఆ తర్వాత రాబర్ట్ గాలంబోస్ తోడయ్యాడు. చెవులు మూస్తే గుద్దుకున్నాయి, నోరు మూసినా గుద్దుకున్నాయి. 1941లో వ్యాసం వెలువడింది. తెలుగులో జాషువా 'గబ్బిలం' వచ్చిందీ ఆ ఏడాదే. రెంటికీ ఏ సంబంధమూ లేదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక ప్రశ్నకు జవాబు. మధ్య చెవిలో కూటకం, దాగలి, అంకవన్నె అని మూడు ఎముకలుంటాయని బడిలో చదివాం. కర్ణభేరి కదలికను లోపలి చెవికి అందించేవి అవే. అంకవన్నెను పట్టుకుని స్టెపీడియస్ అనే చిన్న కండరం ఉంటుంది. అది బిగుసుకుంటే ఎముక కదలిక తగ్గి ధ్వని లోపలికి తక్కువగా పోతుంది. మనకూ ఉందది. గబ్బిలం దాన్ని వాడే తీరే వేరు. 1965లో హెన్సన్ అనే శాస్త్రవేత్త చూపించిన సంగతి ఇది: అరుపుకు కొన్ని మిల్లీసెకన్ల ముందే ఆ కండరం బిగుసుకోవడం మొదలవుతుంది, అరుపుతో పాటే సడలడం మొదలుపెడుతుంది. ప్రతిధ్వని వచ్చేసరికి చెవి మళ్లీ తెరుచుకుని ఉంటుంది. ప్రతి అరుపుకూ ఇదే తంతు.

అది చాలదన్నట్టు మెదడు కూడా ఒక చెయ్యి వేస్తుంది. చెవి నుంచి మెదడు పైభాగాలకు వెళ్లే దారిలో, గబ్బిలం తాను అరిచే క్షణంలో నరాల స్పందన తగ్గిపోతుందని 1972లో సూగా, ష్లేగెల్ కనిపెట్టారు. అలాంటి అరుపే బయటి నుంచి వినిపిస్తే అంత తగ్గదు. అంటే ఇది తన గొంతేనని మెదడుకు ముందే కబురు అందుతోంది.

పురుగు దగ్గరపడే కొద్దీ ప్రతిధ్వని ముందే వచ్చేస్తుంది గనుక గబ్బిలం అరుపుల్ని కురచ చేస్తుంది, స్వరం తగ్గిస్తుంది, వేగం పెంచుతుంది. పట్టుకునే చివరి క్షణంలో సెకనుకు 160కి పైగా అరుపులు. అంత వేగంగా బిగిసి సడలే గొంతు కండరాలు వాటికి ఉన్నాయని 2011లో తేలింది.

ఇంతటితో ఆగితే బాగుండేది గానీ, లాడం గబ్బిలాలు ఊరుకోనివ్వవు. ముక్కు చుట్టూ గుర్రపు లాడం ఆకారంలో తోలు మడత ఉండే ఈ రకాలు నోరు మూసుకుని ముక్కుతో అరుస్తాయి. వాటి అరుపు పొడుగు, అది ముగియకముందే ప్రతిధ్వని వచ్చి పడుతుంది. చెవి మూసి తెరిచే ఉపాయం ఇక్కడ పారదు. మరేం చేస్తాయి? ఎదురొచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినబడుతుంది కదా, అదే డాప్లర్ ప్రభావం. గబ్బిలం ముందుకు ఎగురుతోంది కనుక ప్రతిధ్వని అరుపు కంటే సన్నగా తిరిగొస్తుంది. యూరప్‌లోని పెద్ద లాడం గబ్బిలం 83,000 హెర్ట్జ్ దగ్గర అరుస్తుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతే ప్రతిధ్వని దాదాపు 2,400 హెర్ట్జ్ పెరిగి వస్తుంది. గబ్బిలం అంతమేరకు తన అరుపును ముందే దించుతుంది! ప్రతిధ్వని కచ్చితంగా 83,000 దగ్గరే వచ్చి పడాలి. ఎందుకంటే దాని చెవి చురుకంతా ఆ సన్నని పట్టీలోనే ఉంది, దానికి కాస్త కిందున్న సొంత అరుపు మందంగా వినబడుతుంది. అరుస్తూనే వినడమన్నమాట. 1968లో ష్నిట్జ్లర్ దీన్ని బయటపెట్టాడు. పురుగు రెక్క కొట్టినప్పుడల్లా ఆ ప్రతిధ్వని వణుకుతుంది, ఆకు మీద నుంచి వచ్చిన ప్రతిధ్వని అలా వణకదు. ఆకుల మధ్య పురుగు దొరికేది అందుకే.

ఇంత చెప్పాక "మరి మనకేం లాభం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పురుగుల్ని తింటాయి, పంటకు మేలు. పండ్లు తినేవి గింజలు వెదజల్లుతాయి. అయినా మన 1972 వన్యప్రాణి చట్టం పండ్ల గబ్బిలాల్ని కాకి, ఎలుకలతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో గానీ ఆ జాబితా పోలేదు.

గబ్బిలాన్ని చూసే రాడార్, సోనార్ కనిపెట్టారని మాత్రం దయచేసి చెప్పకండి. ఫ్రాన్సులో లాంజెవాన్ నీటి అడుగున అతిధ్వనులతో జలాంతర్గాముల్ని వెతికింది మొదటి ప్రపంచ యుద్ధంలో. బ్రిటన్‌లో వాట్సన్ వాట్ రాడార్ ప్రయోగం 1935లో, అదీ రేడియో తరంగాలతో. పియర్స్ యంత్రం ముందు గబ్బిలం అరిచింది ఆ తర్వాతే. మీ పిల్లల పుస్తకంలో ఆ వాక్యం కనిపిస్తే పెన్సిల్ తీసుకుని కొట్టేయండి.