లినక్స్‌లో మానిటర్‌కి సరైన రిజల్యూషన్ రావట్లేదా? ఓఎస్ మార్చేముందు ఈ మూడు చెక్ చేయండి

సెకండ్ హ్యాండ్ మానిటర్ కొన్న రోజు రాత్రి షాపు ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. సికింద్రాబాద్ సీటీసీలో నా ముందే ఆన్ చేసి చూపించాడు, బొమ్మ అద్దంలా ఉంది. అమీర్‌పేటలో మా హాస్టల్ రూమ్‌కి తెచ్చి ఉబుంటు ల్యాప్‌టాప్‌కి పెడితే మాత్రం అక్షరాలన్నీ సాగదీసినట్టు, మసకమసకగా ఉన్నాయి. సెట్టింగ్స్‌లో ఉన్న ఆప్షన్లలో పెద్దది 1024 బై 768. మానిటర్ పేరు ఉండాల్సిన చోట "అన్‌నోన్ డిస్‌ప్లే" అని ఉంది.

రోజంతా చిన్న స్క్రీన్ మీద కోడ్ చూసి మెడ పట్టేస్తోందని, జీతంలో కొంచెం కొంచెం పక్కన పెట్టి కొన్నాను. షాపు ఆయన ఇచ్చిన గ్యారంటీ మూడు రోజులు. ఈలోపు తప్పు ఎక్కడుందో తేలకపోతే డబ్బులు పోయినట్టే.

మొదటి రాత్రి అందరూ చేసేదే చేశాను. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, అప్‌డేట్లు కొట్టాను, పది సార్లు రీస్టార్ట్ చేశాను. చివరికి ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని పెన్‌డ్రైవ్ కూడా రెడీ చేసుకున్నా. టైమ్ రెండయిందని పడుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే డేటా కూడా పోయేది.

మానిటర్ తన గురించి ఎలా చెబుతుంది?

కేబుల్ పెట్టగానే రెండు పనులు జరుగుతాయి. హెచ్‌డీఎంఐలో ఉండే 19 పిన్నుల్లో చివరిది, 19వ పిన్, "ఇక్కడ ఎవరో ఉన్నారు" అని కంప్యూటర్‌కి చెబుతుంది. దీన్ని హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. తర్వాత 15, 16 పిన్నుల మీదుగా మానిటర్ తన వివరాలు పంపిస్తుంది: తయారీదారు కోడ్, మోడల్, ఏ ఏ రిజల్యూషన్లు చూపించగలదు, స్పీకర్లు ఉన్నాయా లేదా. ఈ వివరాల పట్టీ పేరే ఈడీఐడీ. కనీసం 128 బైట్లు ఉంటుంది.

బొమ్మ వెళ్లే పిన్నులు వేరు, ఈ వివరాలు వచ్చే పిన్నులు వేరు. కాబట్టి బొమ్మ వస్తూనే ఈడీఐడీ రాకపోవచ్చు. అప్పుడు లినక్స్ కెర్నల్ రిస్క్ తీసుకోదు. ఏ మానిటరైనా తట్టుకుంటుందని 1024 బై 768 వరకు మాత్రమే లిస్టులో పెడుతుంది. నాకు కనిపించిన నంబర్ ఇదే. రెండో రోజు ఈ సంగతి అర్థమయ్యాక వరసగా మూడు ప్రశ్నలు వేసుకున్నాను.

1. కెర్నల్‌కి మానిటర్ కనిపిస్తోందా?

సిస్ ఫోల్డర్‌లో క్లాస్, అందులో డీఆర్‌ఎం అనే ఫోల్డర్ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రతి డిస్‌ప్లే పోర్టుకీ అక్కడ ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. అందులోని స్టేటస్ ఫైల్‌ని క్యాట్ కమాండ్‌తో చూడండి. "కనెక్టెడ్" అని వస్తే మొదటి మెట్టు దాటినట్టే.

"డిస్‌కనెక్టెడ్" అని ఉంటే ఎన్ని సెట్టింగ్స్ మార్చినా లాభం లేదు. మానిటర్‌లో ఇన్‌పుట్ సరైనదేనా, కేబుల్ పూర్తిగా లోపలికి వెళ్లిందా చూడండి. ఎన్‌విడియా ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఇంకో మాట. చాలా వాటిలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా ఎన్‌విడియా చిప్‌కే కలిపి ఉంటుంది. ఆ డ్రైవర్ లోడ్ కాకపోతే పోర్టే కనిపించదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి డ్రైవర్‌కి సంతకం లేకపోతే కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. దీన్ని ముందే చెక్ చేసుకోండి.

నాకు "కనెక్టెడ్" అనే వచ్చింది.

2. ఈడీఐడీ వచ్చిందా?

అదే ఫోల్డర్‌లో ఈడీఐడీ అని ఒక ఫైల్ ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త. ఫైల్ మేనేజర్‌లో గానీ, ఎల్‌ఎస్ కమాండ్‌తో గానీ దాని సైజు చూస్తే అంతా బాగున్నా సున్నానే చూపిస్తుంది. క్యాట్‌తో తెరిచి, పైప్ పెట్టి, డబ్ల్యూసీ మైనస్ సీతో బైట్లు లెక్కపెట్టాలి. 128 గానీ, 256 గానీ, 128కి ఇంకో గుణిజం గానీ వస్తే ఈడీఐడీ అందినట్టు. నాకు నిజంగానే సున్నా వచ్చింది.

ఇంకో క్లూ కూడా అప్పుడే గుర్తొచ్చింది. మానిటర్‌లో స్పీకర్లున్నా సౌండ్ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ ఆప్షనే రాలేదు. స్పీకర్ల సంగతి చెప్పేది కూడా ఈడీఐడీనే మరి. బొమ్మ మసక, సౌండ్ లేదు, పేరు లేదు: మూడూ ఒకే జబ్బు లక్షణాలు.

3. డెస్క్‌టాప్ సరిగ్గా ఎంచుకుంటోందా?

మీ ఈడీఐడీ బాగానే ఉంటే తప్పు డెస్క్‌టాప్‌లో ఉన్నట్టు. గ్నోమ్ పాత సెట్టింగ్స్‌ని హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మానిటర్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్‌లో దాచుకుంటుంది. దాని పేరు మార్చి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. చాలాసార్లు దీంతోనే పనైపోతుంది.

నెట్‌లో ఎక్కడ చూసినా ఎక్స్‌రాండర్ కమాండ్ వాడమంటారు. కానీ అది ఎక్స్11 సెషన్ కోసం. వేలాండ్‌లో ఉంటే దానితో రిజల్యూషన్ మారదు. సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో విండోయింగ్ సిస్టమ్ ఏదో చూసుకుని మొదలుపెట్టండి.

నేను ఎక్స్11లోకి వెళ్లి అది కూడా ప్రయత్నించాను. సీవీటీ కమాండ్‌కి 1920, 1080 ఇస్తే 173 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో ఒక మోడ్ లైన్ ఇచ్చింది. ఎక్స్‌రాండర్‌తో యాడ్ చేస్తే తీసుకోలేదు. ఎందుకంటే ఈడీఐడీ లేనప్పుడు నా ల్యాప్‌టాప్ అవతల ఉన్నది మామూలు డీవీఐ మానిటర్ అనుకుంటోంది, సింగిల్ లింక్ డీవీఐ హద్దు 165 మెగాహెర్ట్జ్. సీవీటీకి మైనస్ ఆర్ కలిపితే క్లాక్ 138.5కి దిగింది. వెంటనే ఫుల్ హెచ్‌డీ వచ్చేసింది! గట్టిగా అరిచాను కూడా, రూమ్‌మేట్ లేచాడు.

ఆ ఆనందం రీస్టార్ట్ చేసేదాకే. ఎక్స్‌రాండర్‌తో పెట్టింది రీబూట్ అయితే పోతుంది. గ్రబ్‌లో కెర్నల్‌కి వీడియో పారామీటర్ ఇచ్చి శాశ్వతం చేయొచ్చు, కానీ సౌండ్ లేని సంగతి అలాగే ఉంది. పైగా మానిటర్ నోరు తెరవట్లేదని తెలిశాక నా అనుమానం మళ్లీ షాపు మీదకే పోయింది.

మూడో రోజు షాపులో

గొడవ పెట్టుకోవడానికే వెళ్లాను. ల్యాప్‌టాప్, నా కేబుల్ బ్యాగులో వేసుకుని మెట్రో ఎక్కాను. "అన్నా, మానిటర్‌లో బోర్డు పోయింది, వివరాలే పంపట్లేదు" అని నేను నేర్చుకున్నదంతా చెప్పాను. ఆయన మొత్తం విని ఒకటే అడిగాడు. "కేబుల్ మార్చి చూసినవా తమ్మీ?"

మార్చలేదు. నా దగ్గర ఉన్నది అదొక్కటే. బీటెక్ రోజుల నుంచి డ్రాయర్‌లో చుట్టిపెట్టిన కేబుల్. బొమ్మ వస్తోంది కదా, కేబుల్ బాగున్నట్టే అనుకున్నాను.

ఆయన షాపులోని వేరే మానిటర్‌కి నా కేబుల్ పెట్టాడు. 1024 బై 768. తన కేబుల్ పెట్టాడు. పేరుతో సహా అన్నీ వచ్చాయి. ఈడీఐడీ లెక్కపెడితే 256. వివరాలు తెచ్చే తీగ నా కేబుల్‌లోనే ఎక్కడో తెగి ఉండాలి. 200 రూపాయలు పెట్టి కొత్త కేబుల్ తీసుకుని, సారీ చెప్పి వచ్చేశాను. రూమ్‌కొచ్చి పెట్టగానే ఒక్క కమాండ్ కొట్టకుండానే ఫుల్ హెచ్‌డీ, సౌండ్ రెండూ వచ్చాయి.

మీరు ఈ వరసలో చేయండి

ముందు స్టేటస్ ఫైల్, తర్వాత ఈడీఐడీ బైట్లు, చివర డెస్క్‌టాప్ సెట్టింగ్స్. ఈడీఐడీ సున్నా వస్తే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకుండా ముందు ఇంకో కేబుల్ అడిగి తెచ్చుకోండి. చవక రకం హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ వాడుతుంటే అనుమానం మొదట దాని మీదే పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ మానిటర్ కొనేటప్పుడు మాత్రం ఇంట్లో వాడబోయే ల్యాప్‌టాప్, కేబుల్ రెండూ షాపుకే తీసుకెళ్లండి. ఆ పని మొదటి రోజే చేసుంటే నాకు రెండు రాత్రుల నిద్ర మిగిలేది, ఆయనకి అన్ని తిట్లు తప్పేవి.