‘సర్వర్ బిజీ’ అంటే ఏది బిజీ?

నంద్యాల, ఆళ్లగడ్డ: ఆళ్లగడ్డకు రైల్వేస్టేషన్ లేదు. దూరప్రయాణం తలపెట్టిన వారిలో ఎక్కువమందికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలే దిక్కు. తత్కాల్ టికెట్టు కావాలంటే పొద్దున్నే బస్సెక్కి వచ్చి వరుసలో నిలబడాలి. ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, మిగిలిన వాటికి 11 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. ఆ తర్వాతి రెండు మూడు నిమిషాలే కీలకం. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయిస్తే బస్సు ఛార్జీలు, ఆ పూట కూలి రెండూ నష్టమే. ‘సర్వర్ బిజీ’ అన్న సమాధానంతో వెనుదిరగవలసి వస్తుంది. బ్యాంకులోనూ, రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనూ, రేషన్ దుకాణంలోనూ వినిపించేది ఈ మాటే. నిజానికి ఇది సమాధానం కాదు. ఇంత పెద్ద వ్యవస్థలలో సర్వర్ ఒక్కటే ఉండదు, అది చేసే పనీ ఒక్కటే కాదు.

ఒకే పద్దు... ముగ్గురు గుమాస్తాలు

మార్కెట్ యార్డులో ఒకే పద్దుపుస్తకాన్ని ముగ్గురు గుమాస్తాలు రాస్తున్నారని అనుకుందాం. ఒకరు సెలవు పెట్టినా పని ఆగదు. రద్దీ పెరిగితే నలుగురిని కూర్చోబెట్టవచ్చు. అనేక యంత్రాలు ఒకే సమాచారాన్ని పంచుకుని పనిచేసే ఇటువంటి ఏర్పాటునే క్లస్టర్ డేటాబేస్ అంటారు. ఒరాకిల్ సంస్థ 2001లో తెచ్చిన ‘రియల్ అప్లికేషన్ క్లస్టర్స్’ ఇందుకు పేరొందిన ఉదాహరణ. ఇందులో పనులను ‘సర్వీస్’ల పేరిట విడదీస్తారు. ఖాళీలు చూపడం ఒక సర్వీస్, టికెట్టు ఇవ్వడం మరొకటి, రాత్రి లెక్కలు వేయడం ఇంకొకటి. ఏ సర్వీస్ మామూలుగా ఏ యంత్రంపై నడవాలో, అది చెడిపోతే ఎక్కడికి మారాలో ముందే నిర్ణయిస్తారు.

చిక్కంతా పర్యవేక్షణలో ఉంది. యంత్రాల మొత్తం శ్రమను మాత్రమే చూస్తే అంతా సవ్యంగానే కనిపించవచ్చు. ఒక నిమిషంలో మొదటి యంత్రం 900 అభ్యర్థనలకు సగటున 0.1 సెకనులో, రెండో యంత్రం 100 అభ్యర్థనలకు 4 సెకన్లలో బదులిచ్చాయని అనుకుందాం. మొత్తం సగటు 0.49 సెకను. అరసెకను కూడా లేదు కదా అని అధికారులు నిశ్చింతగా ఉంటారు. ఆ వంద అభ్యర్థనలే టికెట్టు కౌంటర్లవైతే అక్కడివారి అవస్థ ఆ సగటులో కనిపించదు. అందుకే ప్రతి సర్వీస్‌నూ, అది నడిచే ప్రతి యంత్రంపైనా, ఒక్కో అభ్యర్థనకు పట్టిన కాలాన్ని విడిగా కొలవాలి. ఒరాకిల్ ఈ కొలతలను 5 సెకన్లకోసారి, నిమిషానికోసారి లెక్కగడుతుంది. కాలం హద్దు మీరితే హెచ్చరిక వచ్చేలా పరిమితి పెట్టుకోవచ్చు. ఆ పరిమితిని ఒక్క యంత్రంపై పెట్టి ఊరుకుంటే రెండోదానిపై జరిగే జాప్యం తెలియదు. అనుభవజ్ఞులూ పొరబడే చోటు ఇదే.

ఖాళీగా ఉన్నా ఆలస్యమే

యంత్రం ఖాళీగా కనిపిస్తున్నా పని నత్తనడక నడవడం మరో వింత. ఇద్దరు గుమాస్తాలకు పద్దులోని ఒకే పేజీ కావలసి వస్తే అది చేతులు మారుతూ ఉంటుంది. రాసే పని కొంచెమే, ఎదురుచూపు ఎక్కువ. ఒకే రైలు బెర్తుల వివరాలను రెండు యంత్రాలు ఒకేసారి మార్చబోయినప్పుడు జరిగేదీ ఇదే. ఇటువంటప్పుడు కొత్త యంత్రం తెచ్చి కలిపితే ఇబ్బంది తగ్గకపోగా పెరగవచ్చు. ఆ సర్వీస్‌ను ఒకే యంత్రానికి అప్పగించడమే మేలు. సమయం ఎక్కడ పోతోందో సర్వీస్‌వారీగా చూస్తేనే ఈ సంగతి బయటపడుతుంది.

పనులను విడదీసి చూడడం ఎంత అవసరమో చెప్పడానికి రైల్వే లెక్కలే చాలు. 2025 మే 22 ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు బుక్కయ్యాయి. అప్పటికి అదే రికార్డు. తత్కాల్ మొదలైన తొలి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాలలో సగం వరకు మనుషులవి కావని, కంప్యూటర్ ప్రోగ్రాములవని రైల్వే శాఖ అదే ఏడాది వెల్లడించింది. లాగిన్, టికెట్టు జారీ రెండింటినీ ఒకే పద్దు కింద చూస్తే ప్రయాణికులు పెరిగారనే అనుకుంటారు. విడదీసి చూస్తే దొంగ రద్దీ ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది. ఆ ఏడాది జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేశారు.

కౌంటరు వద్ద నిలబడినవారికి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. ఒరాకిల్ వంటి వ్యవస్థలు గంటకోసారి తమ పనితీరును నమోదు చేసుకుంటాయి. ప్రత్యేకంగా మార్చకపోతే ఆ నమోదులు 8 రోజులు నిలిచి ఉంటాయి. ఏ తేదీన, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, ఏ పని దగ్గర ఆగిందో రాసి ఆ గడువులోగా ఫిర్యాదు చేస్తే సాంకేతిక సిబ్బంది వెనక్కి వెళ్లి చూడగలరు. ‘మొన్న సర్వర్ పనిచేయలేదు’ అని రాసిస్తే వారికి వెదకడానికి ఆధారం దొరకదు.