నవ్వులు పండించిన లూసిల్ బాల్

నవరసాలలో హాస్యానికి భరతముని శృంగారం తరువాతి స్థానమే ఇచ్చాడు. స్మితం మొదలు అతిహసితం వరకు నవ్వులో ఆరు భేదాలున్నాయని కూడ నిర్ణయించాడు. అయినా హాస్యనటులకు లోకంలో దక్కే గౌరవం తక్కువే. కంటతడి పెట్టించినవారిని మహానటులంటాము; నవ్వించినవారిని చూచి నవ్వుకొని ఊరుకుంటాము. ఆ నవ్వు పుట్టడానికి ఎంత సాధన కావలసి వచ్చిందో, ఆ సాధన వెనుక ఎటువంటి జీవితం ఉన్నదో తలచుకొనేవారు అరుదు.

అమెరికా టెలివిజన్ నటి లూసిల్ బాల్ చరిత్ర ఈ సందర్భంలో స్మరింపదగినది. 1951లో ఆమె తన సుప్రసిద్ధమైన పాత్రతో ప్రేక్షకుల ఎదుటికి వచ్చేనాటికి ఆమెకు నలభై ఏండ్లు నిండాయి. అప్పటికి పద్దెనిమిది సంవత్సరాలుగా హాలీవుడ్‌లో వేషాలు వేస్తున్నా అగ్రశ్రేణి తారగా ఆమెను ఎవరూ లెక్కించలేదు. అటువంటి స్త్రీ కొద్ది మాసాలలోనే దేశమంతటికీ ఇంటి మనిషి అయింది. ఈ మార్పుకు మూలం చెదరిపోతున్న తన సంసారాన్ని నిలుపుకోవాలని ఆమె పట్టిన పట్టుదల.

బాల్యం, తొలి ఓటమి

లూసిల్ 1911 ఆగస్టు 6న న్యూయార్కు రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో జన్మించింది. తండ్రి హెన్రీ బాల్ టెలిఫోను తీగలు వేసే ఉద్యోగి. ఆమెకు నాలుగో ఏడు నిండక మునుపే ఆయన టైఫాయిడ్ జ్వరంతో మరణించాడు. అప్పటికి తల్లి గర్భవతి. ఆ తరువాత లూసిల్, ఆమె తమ్ముడు సెలరాన్ అనే చిన్న ఊరిలో తాత ఫ్రెడ్ హంట్ ఇంట పెరిగారు. తాతకు నాటకాలన్నా, సంగీత హాస్య ప్రదర్శనలన్నా ప్రీతి. మనుమరాలిని వెంటబెట్టుకొని తీసుకుపోయేవాడు. రంగస్థలం మీది మనిషి ఒక్కడు ఎదుట కూర్చున్న వందలమందిని ఒక్కసారిగా నవ్వించగలగడం ఆ పిల్లకు మహాశ్చర్యంగా తోచేది.

ఆ ఇల్లు కూడ వారికి నిలువలేదు. 1927లో ఇంటి పెరటిలో పిల్లలు తుపాకితో గురిచూచి కాల్చడం నేర్చుకొంటుండగా పొరుగింటి బాలునికి గుండు తగిలి అవయవాలు చచ్చుబడ్డాయి. వ్యాజ్యం నడిచింది. తాత ఇల్లు పోగొట్టుకొన్నాడు. చిన్ననాడు తండ్రినీ, యౌవనారంభంలో ఇంటినీ కోల్పోయిన ఆమెకు సొంత ఇల్లు, కలసి ఉండే కుటుంబం అనేవి జీవితాంతం తీరని కోరికలైనాయి.

ఆ దుర్ఘటనకు ముందే తల్లి ఆమెను న్యూయార్కు నగరంలోని ఒక నాటక పాఠశాలలో చేర్పించింది. అక్కడ ఆమె తోటి విద్యార్థిని బెటీ డేవిస్. తరువాతి కాలంలో మహానటిగా పేరొందిన ఆ బాలికను చూచి ఉపాధ్యాయులు మురిసిపోయేవారు. లూసిల్ మాత్రం బిడియంతో నోరు విప్పలేకపోయేది. ఈ పిల్లకు నటన రాదనీ, ఆమె చదువుకు చేసే ఖర్చు దండుగ అనీ పాఠశాలవారు తల్లికి తెలియజేశారు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారు ఈ ఘట్టం వద్ద ఒక్క క్షణం ఆగడం మంచిది. ఆ గురువులు చెప్పినదానిలో అబద్ధం లేదు. ఆనాటికి ఆమెకు నటన రాదు. ఆనాటి మాటను వారు ఏనాటికీ వర్తించే తీర్పుగా చెప్పడమే పొరపాటు.

పేరు రాని సంవత్సరాలు

లూసిల్ దుస్తుల దుకాణాలలో కొత్త ఉడుపులు ధరించి చూపే పనికి కుదిరింది. ప్రకటనలకు బొమ్మగా నిలిచింది. 1933లో 'రోమన్ స్కాండల్స్' అనే చిత్రంలో గుంపులో ఒకతెగా హాలీవుడ్‌లో అడుగుపెట్టింది. తరువాత ఆర్.కె.ఓ. స్టూడియోలో చేరి చిన్న చిన్న వేషాలు వేసింది. తక్కువ ఖర్చుతో తీసే 'బి' తరగతి చిత్రాలకు ఆమె రాణి అని పత్రికలవారు అనసాగారు. ఆ బిరుదులో మెప్పు ఎంత ఉన్నదో ఎత్తిపొడుపూ అంతే ఉన్నది.

1942లో యం.జి.యం. సంస్థ ఆమెను తీసుకొని, గోధుమరంగు జుట్టుకు నిప్పువంటి ఎరుపు వేయించింది. ఆ ఎర్రజుట్టే తరువాత ఆమెకు గుర్తు అయింది. ఐతే ఆమెను ప్రసిద్ధురాలిని చేసిన టెలివిజన్ బొమ్మ నలుపు తెలుపులది. చూచేవారికి ఆ ఎరుపు కనిపించేదే కాదు.

ఆ సంస్థలో ఆమెకు జరిగిన అసలు మేలు వేరొకటి. మూకీ చిత్రాల కాలంలో హాస్యచక్రవర్తిగా వెలిగి, పిమ్మట దశ తప్పిన బస్టర్ కీటన్ అప్పుడు అక్కడే పనిచేస్తున్నాడు. లూసిల్‌లోని హాస్యశక్తిని ముందుగా గుర్తించినవారిలో ఆయన ఒకడు. పడడం ఎట్లాగో, లేవడం ఎట్లాగో, చేతిలోని వస్తువును ఎట్లా మాటాడించాలో ఆమెకు నేర్పాడు. ఒక పాఠశాల పంపివేసిన శిష్యురాలికి కాలం మరచిన నటుడు గురువైనాడు.

భర్తకోసం పట్టు

1940లో ఒక చిత్రంలో నటిస్తున్నప్పుడు ఆమెకు డెసీ ఆర్నాజ్ పరిచయమైనాడు. అతడు క్యూబా దేశీయుడు. అక్కడ 1933లో జరిగిన విప్లవంలో సర్వస్వం పోగొట్టుకొని అమెరికా చేరిన సంపన్న కుటుంబంలోనివాడు. గాయకుడు, వాద్యబృందానికి నాయకుడు, ఆమెకన్న ఆరేండ్లు చిన్న. ఆ ఏడు నవంబరు 30న వారిద్దరూ వివాహం చేసుకొన్నారు.

పెండ్లి జరిగింది గాని కాపురం కుదురుకోలేదు. ఆమె హాలీవుడ్‌లో, అతడు వాద్యబృందంతో ఊరూరా. 1944లో ఆమె విడాకులకు దరఖాస్తు పెట్టి, మళ్ళీ మనసు మార్చుకొన్నది. ఇద్దరికీ ఒకే చోట పని దొరికితే తప్ప ఈ సంసారం నిలువదని ఆమెకు స్పష్టమైంది.

1948 నుండి ఆమె సీ.బీ.యెస్. రేడియోలో ఒక హాస్యనాటికలో గృహిణి పాత్ర ధరిస్తున్నది. దానిని టెలివిజన్‌కు మార్చుదామని సంస్థవారు అడిగారు. భర్తగా నా భర్తనే పెట్టుకోవలె నన్నది ఆమె షరతు. క్యూబా యాసతో మాటాడేవాడిని అమెరికా ఇల్లాలి భర్తగా ప్రజలు ఒప్పుకోరని వారు సందేహించారు. లూసిల్ వాదన పెంచలేదు. 1950 వేసవిలో భర్తతో కలసి ఊరూరా తిరిగి రంగస్థలం మీద హాస్య ప్రదర్శనలు ఇచ్చింది. జనం విరగబడి నవ్వారు. సందేహానికి అదే సమాధానమైంది. ఆ సంవత్సరమే దంపతులు తమ ఇద్దరి పేర్లూ కలిపి 'డెసీలూ' అనే నిర్మాణ సంస్థను స్థాపించారు.

ఇంతలో మరొక చిక్కు వచ్చింది. ఆనాడు టెలివిజన్ నాటికలు ఎక్కువగా న్యూయార్కులో ఆడుతుండగానే ప్రసారమయ్యేవి. దూరప్రాంతాలవారికి తెర మీది బొమ్మనే మరల ఫిలిముకు ఎక్కించి పంపేవారు. అది మసకగా ఉండేది. సిగరెట్టు కంపెనీవారైన ప్రాయోజకులు ఈ నాటికనూ న్యూయార్కు నుండే ప్రసారం చేయాలన్నారు. లూసిల్ దంపతులు ఇల్లు విడిచి రామన్నారు. 1951 జులైలో వారికి మొదటి బిడ్డ పుట్టింది. ఎన్నో ఏండ్లు ఎదురుచూచిన మీదట కలిగిన సంతానం అది.

చివరకు డెసీ ఒక ఉపాయం చెప్పాడు. సినిమాకు వాడే మేలురకం ఫిలిముమీద హాలీవుడ్‌లోనే చిత్రించి ప్రతులను దేశమంతటికీ పంపవచ్చునన్నాడు. ఖర్చు పెరుగుతుందని సంస్థ గొణిగింది. దంపతులు తమ జీతంలో వారానికి వెయ్యి డాలర్లు వదులుకొన్నారు. అందుకు బదులుగా ఆ ఫిలిములపై హక్కు తమదే కావాలని కోరారు. ప్రసారమైన నాటికతో మరల పని ఏమున్నదన్నది ఆనాటివారి భావన. హక్కు సులువుగానే దక్కింది.

మూడు కెమెరాలు, మూడు వందల ప్రేక్షకులు

చిత్రీకరణ బాధ్యత కార్ల్ ఫ్రాయిండ్‌కు అప్పగించారు. జర్మనీలో 'మెట్రోపోలిస్' వంటి మహాచిత్రానికి ఛాయాగ్రాహకుడుగా పనిచేసినవాడు ఆయన. లూసిల్‌కు ఎదుట ప్రేక్షకులుంటే తప్ప నటన పండదు. అందుచేత స్టూడియోలోనే సుమారు మూడు వందలమందికి ఆసనాలు అమర్చారు. నాటకం ఆడినట్లే మొదటినుండి చివరివరకు ఆడుతుంటే మూడు కెమెరాలు ఒకే సమయంలో దూరంనుంచీ దగ్గరనుంచీ చిత్రిస్తాయి. మూడింటికీ ఒకే విధంగా సరిపోయేటట్లు ఫ్రాయిండ్ దీపాలను అమర్చాడు. ఈ పద్ధతి తరువాత దశాబ్దాలపాటు హాస్యనాటికలకు ఒరవడి అయింది.

'ఐ లవ్ లూసీ' 1951 అక్టోబరు 15న మొదలైంది. లూసీ ఒక వాద్యబృంద నాయకుని భార్య. తానూ రంగస్థలమెక్కాలని ఆమె కోరిక. ఆ కోరికకు తగిన ప్రజ్ఞ లేదు. ప్రతివారమూ ఒక ఎత్తు వేయడం, అందులో తానే చిక్కుకోవడం. పొరుగింటి దంపతులుగా వివియన్ వాన్స్, విలియం ఫ్రాలీ నటించారు.

చాకొలెట్ల కర్మాగారంలో పనికి కుదిరిన లూసీ కథ 1952 సెప్టెంబరులో వచ్చింది. కదిలే పట్టామీద మిఠాయిలు వస్తుంటాయి. ఒక్కొక్కదానికి కాగితం చుట్టాలి. పట్టా వేగం పెరుగుతుంది. చేతులు చాలవు. నోటిలో కుక్కుకుంటుంది, టోపీలో దాస్తుంది, రవికెలో వేసుకుంటుంది. ఒక్క మాట అర్థం కానివాడు కూడ చూచి నవ్వుతాడు. అది అప్పటికప్పుడు తోచి చేసిన అల్లరి అనిపిస్తుంది. కాని రచయితలు ప్రతి కదలికనూ ముందే వ్రాసి ఇచ్చేవారు. లూసిల్ చేతికందే ప్రతి వస్తువుతోనూ అది అలవాటయ్యేదాకా సాధన చేసేది. తోటి నటులు విసుగుచెందినా ఆమె విసుగెరుగదు. తెర మీది లూసీకి ఏ పనీ చేతకాదు. ఆ చేతకానితనాన్ని చూపడానికి తెర వెనుక లూసిల్ ఎంతో నేర్పరి కావలసి వచ్చింది.

ఆ ఏడే ఆమె మరల గర్భవతి అయింది. ఆనాటి టెలివిజన్‌లో ఆ మాట ఉచ్చరించడమే అసభ్యమని ఎంచేవారు. దంపతులు ఆ సంగతిని దాచక కథలోనే చేర్చారు. మూడు మతాల పెద్దలకు కథాప్రతులు చూపి అభ్యంతరం లేదనిపించుకొన్నారు. 1953 జనవరి 19 ఉదయం లూసిల్‌కు కుమారుడు జన్మించాడు. ముందే చిత్రించి ఉంచిన నాటికలో లూసీకీ ఆ రాత్రే కొడుకు పుట్టాడు. దాదాపు 4 కోట్ల 40 లక్షలమంది చూశారు. మరునాడు జరిగిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారాన్ని చూచినవారు అంతకంటె తక్కువ.

ఆ ఏటనే గండమూ వచ్చింది. 1936లో తాత మనసు నొప్పించలేక లూసిల్ కమ్యూనిస్టు పార్టీ ఓటరుగా పేరు వ్రాయించుకొన్నది. కమ్యూనిస్టులన్న అనుమానంతో ఎందరో నటులు, రచయితలు జీవనోపాధి కోల్పోతున్న కాలమది. సెప్టెంబరులో విచారణసంఘం ప్రతినిధి ఎదుట ఆమె జరిగినది జరిగినట్లు చెప్పింది. పత్రికలకెక్కిన రోజున చిత్రీకరణ ఉన్నది. డెసీ ముందుకు వచ్చి ప్రేక్షకులకు విషయం వివరించాడు. వారు లేచి నిలబడి కరతాళధ్వనులు చేశారు.

పొందినదీ పోగొట్టుకొన్నదీ

1957 వరకు 180 నాటికలు వచ్చాయి. ఆరు ప్రసార సంవత్సరాలలో నాలుగింట దేశంలో ప్రథమస్థానం దానిదే. ఎవరూ విలువ కట్టని ఆ ఫిలిములు పునఃప్రసారాలతో ధనరాసులైనాయి. ఒకనాడు తాను చిన్న వేషాలు వేసిన, డెసీని మొదటిసారి కలుసుకొన్న ఆర్.కె.ఓ. స్టూడియోనే ఆమె దంపతులు ఆ ఏడాది చివర కొన్నారు.

అన్నీ కూడినవి; సంసారం మాత్రం కూడలేదు. పని పెరిగినకొద్దీ డెసీకి మద్యపానం పెరిగింది. ఇతర వ్యసనాలూ తోడైనాయి. 1960 మార్చిలో ఇద్దరూ కలసి చివరి నాటికలో నటించారు. అందులో భార్యాభర్తలు ముద్దుపెట్టుకొని రాజీపడే ఘట్టం ఉన్నది. అది చిత్రించిన వెంటనే లూసిల్ విడాకులకు దరఖాస్తు చేసింది. ఏ ఇంటిని నిలుపుకోవడానికి ఈ యజ్ఞం తలపెట్టిందో ఆ ఇల్లే నిలువలేదు.

ఐనా ఆమె కూలిపోలేదు. 1962లో డెసీ వాటాను కొని సంస్థకు తానే అధ్యక్షురాలైంది. అంతటి టెలివిజన్ స్టూడియోకు అధిపతి అయిన మొదటి స్త్రీ ఆమెయే. ఖర్చును చూచి సంస్థలోని పెద్దలు జంకినప్పుడు 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష కథావళిని ఆమె నిలబెట్టింది. 1966లో ప్రసారం మొదలైన ఆ కథావళికి నేటికీ అభిమానులున్నారు. 1967లో సంస్థను 1 కోటి 70 లక్షల డాలర్లకు అమ్మివేసి, నటిగా 1974 వరకు వారం వారం కనిపిస్తూ వచ్చింది.

డెబ్బది అయిదేండ్ల వయసులో, 1986లో, మరొకసారి కొత్త హాస్యనాటికతో వచ్చింది. ఈసారి జనం ఆదరించలేదు. ఎనిమిది వారాలకే ప్రసారం ఆగిపోయింది. ఆ డిసెంబరు 2న డెసీ మరణించాడు. ఐదు రోజుల తరువాత వాషింగ్టన్‌లోని కెన్నెడీ కేంద్రంలో ఆమెకు జాతీయ సన్మానం జరిగింది. ఆ సభకోసం డెసీ మరణించక ముందే వ్రాసి ఉంచిన వాక్యాలను నటుడు రాబర్ట్ స్టాక్ చదివాడు. 'నేను లూసీని ప్రేమిస్తున్నాను' అని అర్థమిచ్చే ఆ నాటిక పేరు తనకు కేవలం ఒక పేరు మాత్రమే కాదని అతడు అందులో వ్రాశాడు. విడిపోయిన ఇరవై ఆరేండ్లకు వచ్చిన ఆ మాటను లూసిల్ కన్నీళ్ళతో విన్నది.

1989 ఏప్రిల్ 26న, 77వ ఏట, లూసిల్ బాల్ లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూసింది.

ఆ పాత ఫిలిములలో ప్రేక్షకుల నవ్వులు కూడ నిక్షిప్తమై ఉన్నాయి. చిత్రీకరణ జరిగినప్పుడల్లా ఆమె తల్లి ప్రేక్షకుల మధ్య కూర్చునేది. కూతురు ఏదో చిక్కులో పడబోతున్నదని తోచగానే 'అయ్యో' అన్నట్లు ఆ తల్లి చేసే చిన్న ధ్వని, ఆ వెంబడి ఆమె నవ్వు, నేటికీ అక్కడక్కడ వినిపిస్తాయి. నటన రాదని పాఠశాలవారు చెప్పినప్పుడు ఆ మాట విన్న తల్లి ఆమెయే.